పొగాకు ఎండిన చంద్రంకి

మొన్న మా తమ్ముడి మనవరాలు నన్ను చిక్కబళ్లాపురం అవతల పెద్దరోడ్డు పక్కన కొత్తగా తెరిచిన హోటలుకు తీసుకుపోయింది. కూర్చోగానే ఎదురుగోడ మీద నా చూపు నిలిచిపోయింది. దేవుడి పటం ఉండాల్సినంత ఎత్తులో వెదురు చంద్రంకి ఒకటి తగిలించి, దాని చుట్ల సందుల్లో చిన్నచిన్న లైట్లు అమర్చారు. ఆర్డరు రాసుకోవడానికి వచ్చిన పిల్ల నా చూపు కనిపెట్టి, "హ్యాండ్‌మేడ్ అమ్మా, అంతా నేచురల్" అంది, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు. నేను లేచి పోయి దానికి ముక్కు ఆనించి వాసన చూశాను. పక్క బల్ల వాళ్లు చెంచాలు ఆపి నన్నే చూశారు. మనవరాలు సిగ్గుతో ఫోనులో తలదూర్చింది. తిరిగొచ్చి కూర్చున్నాక, "ఏం చూసినావజ్జీ?" అని గొణిగింది. "పొగాకు వాసన ఉండాదేమో అని" అన్నాను. పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వనీ. చంద్రంకి కంటబడితే ముందు వాసన చూడడం నాకు పదేళ్ల వయసులో పట్టుకున్న అలవాటు. అది ఎట్లా పట్టుకుందో ఆ పిల్లకు ఇడ్లీలు చల్లారే దాకా చెప్పాను. చెప్పింది చాలలేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

పట్టుపురుగులు పెంచని ఇళ్లవాళ్లకు చంద్రంకి అంటే తెలియకపోవచ్చు. మంచమంత వెదురు చాప. దాని మీద నాలుగు వేళ్ల వెడల్పున అల్లిన వెదురు పట్టీని నిలువుగా నిలబెట్టి, మధ్యలో మొదలుపెట్టి జిలేబీ చుట్టినట్టు అంచు దాకా చుట్టుకుంటూ వచ్చి, నారతో చాపకు కుట్టేస్తారు. చుట్టుకూ చుట్టుకూ మధ్య మూడు వేళ్ల సందు ఉంటుంది. నెల రోజులు ఆకు మేసి మేసి పండిన పురుగును ఆ సందులో వదిలితే అక్కడే గూడు కట్టుకుంటుంది. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు. ఆ పూటకు చంద్రంకి చేతిలో లేకపోతే దొరికిన చోటల్లా పాకి, దారమంతా నేలపాలు చేసి పోతుంది. నెల రోజుల చాకిరీ ఒక్క పూటలో మట్టి కొట్టుకుపోతుంది.

మా ఊరు చింతామణి నుంచి శిడ్లఘట్టకు పోయే దారిలో, రోడ్డు వదిలి ఒక మైలు లోపలికి ఉండేది. ఇంట్లో ఉన్న వస్తువుల్లో డబ్బిచ్చి కొన్నవి అంటే కిరసనాయిలు బుడ్డి, నాయన సైకిలు, నా పలక. మిగిలినవన్నీ కేక వేస్తే పలికేంత దూరంలో ఉన్న మనుషులు చేసినవే. ఏ తట్ట ఎవరి చేతిదో అంచు చూసి చెప్పేవాళ్లం. పాతబడిన వస్తువును పారేసే చోటంటూ మా ఊళ్లో లేదు, దానికి ఇంకో పని చెప్పేవాళ్లు. రాగులు మోసిన గంప అడుగు ఊడితే పేడ ఎత్తేది, ఇంకా ఊడితే కోడిపిల్లల మీద బోర్లించేది, అదీ కుదరకపోతే పొయ్యిలోకి పోయేది. ఆ బూడిదతో గిన్నెలు తోమేవాళ్లం. దీనికి ఎవరూ పెద్ద పేరు పెట్టలేదు, ఎవరినీ మెచ్చుకోలేదు కూడా.

మా గంపలూ చేటలూ అల్లేది మేదర గంగులప్ప. సన్నగా పొడుగ్గా, తను చీల్చే వెదురులాగే ఉండేవాడు. మాట తక్కువ. ఇంటికి వస్తే పంచలో చింతచెట్టు మొద్దు మీద కూర్చుని, ముందు మా ఇంట్లో తను చేసిన వస్తువులన్నీ తెప్పించుకుని ఒక్కొక్కటీ తిప్పి చూసేవాడు, బిడ్డల ఒళ్లు చూసే వైద్యుడి మాదిరి. బద్ద లేచిన చోట అడగకుండానే బద్ద వేసేవాడు. ఇక మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇంటికి పెద్ద. పొద్దున రాగి సంగటి గెలకడం ఆమె, సాయంత్రం దీపం పెట్టడం ఆమె, మధ్యలో అరుగు మీద కూర్చుని ఈతాకు అల్లడం ఆమె. వేలెడు వెడల్పు పట్టీ అల్లి చుట్ట చుట్టి పెట్టుకునేది, పట్టీలు చాలినన్ని అయ్యాక జోడించి చాప కుట్టేది. కళ్లు దారిలో పోయేవాళ్ల మీద, చేతులు అల్లిక మీద, దవడ పొగాకు మీద. ఆమె నడుముకున్న వక్కాకు సంచిలో పొగాకు లేని రోజును నేను చూడలేదు. ఆ సంచి విప్పితే వచ్చే ఘాటూ సున్నపు వాసనా కలిస్తే నా చిన్నతనంలో సగం ఇల్లు అదే.

మా అమ్మ పుట్టిల్లు శిడ్లఘట్ట పక్కన. పాకే వయసు నుంచి పురుగుల మధ్య పెరిగింది. మా ఇంట్లో మాత్రం రాగి, కందులు, వేరుశనగ తప్ప ఇంకోటి ఎరగరు. బావి కింద మడి ఒకటి తనకు వదిలిపెడితే పురుగుల మేతకు రేషమాకు, అదే మల్బరీ, నాటుకుంటానని అమ్మ అయిదేళ్లు అడిగింది. ఆరో ఏట నాయన ఒప్పుకున్నాడు, షరతు పెట్టి. "ఒక్క పంట చూస్తా. పోయిందంటే మడి దున్ని రాగి చల్లుతా. మళ్లీ ఆ మాట ఎత్తరాదు" అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆకు మొలిచి నడుమెత్తు అయ్యాక గంగులప్పకు చెప్పి ఎనిమిది చంద్రంకులు అల్లించింది. అవి వచ్చిన రోజు ఒక్కొక్కదాన్నీ వేలితో చుట్టు వెంబడి తడుముతూ పోయింది. నాకు కొత్త చీర చూసుకున్నప్పుడు కూడా ఆమె మొహం అట్లా ఉన్నట్టు గుర్తు లేదు.

తప్పు ఆ మరుసటి వారం జరిగింది. అవ్వ తమ్ముడు ఏడాదికి సరిపడా పొగాకు బండిలో వేసి పంపాడు. దారిలో వాన. ఆకు తడిసింది. అవ్వ నన్ను పిలిచి, "పాపా, బూజు పట్టేలోగా ఎండలో పరచమ్మా" అంది. వాకిలంతా బురద. మా ఇంట్లో చదరంగా ఉన్న ప్రతి వస్తువూ ఏదో ఒకటి ఎండేసుకోవడానికే పుట్టింది, చేటలూ తలుపులూ మంచాలూ అన్నీ. నేను అటక మీది నుంచి చంద్రంకులు దించి, రాళ్ల మీద ఎత్తుగా పెట్టి, వాటి మీద పొగాకు పరిచాను. చుట్ల సందుల్లోంచి గాలి ఆడి రెండు పూటల్లో గలగలమని ఎండింది. అవ్వ మెచ్చుకుంది. పురుగుల ఇళ్లలో చంటిపిల్లకు కూడా తెలుసు, చంద్రంకి దగ్గరికి పొగాకు రానీకూడదని. మా ఇంట్లో అది తెలిసింది అమ్మకొక్కతికే. రెండు రోజుల తర్వాత అమ్మ ఆ కొత్త చంద్రంకుల్ని బావి దగ్గర కడిగి, ఎండేసి, పేడ పూసి, మళ్లీ ఎండేసింది. కొత్త వాటిని ఎందుకు కడుగుతున్నావని నేను అడగలేదు. అది కూడా పురుగుల శాస్త్రమేమో అనుకున్నాను.

గుడ్లు వచ్చాయి, పురుగు లేచింది, ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. నడిమింట్లో తట్టలు అంతస్తులుగా పేర్చారు. పురుగు మేత మాని కదలకుండా పడుకుని చర్మం విడిచే పూటను జ్వరం అంటారు. అట్లా నాలుగు జ్వరాలు. జ్వరమంటే నిజంగానే జ్వరం వచ్చిన బిడ్డ ఉన్న ఇల్లే, గట్టిగా మాట్లాడకూడదు. ఘాటు తగలరాదని నెల రోజులు తిరగమోత లేదు. తిరగమోత లేని బస్సారు చారుతో సంగటి తిని నాయన రోజూ ఒకే మాట అనేవాడు, "పురుక్కి పథ్యమా, నాకా?" అని. పురుగు ఆకు తినే చప్పుడు వానలా ఉంటుందని అందరూ అంటారు. నాకు మాత్రం కొట్టంలో ఆవులు నెమరు వేస్తున్నట్టే వినపడేది. అవ్వ అరుగు మీదే ఉండేది, దవడలో పొగాకుతో. అమ్మ ఆమెను ఏమీ అనలేదు. నడిమింటి గుమ్మానికి గోనెపట్టా కట్టి, రోజుకు నాలుగుసార్లు దాన్ని నీళ్లతో తడిపేది.

నాలుగో జ్వరం దాటి, పురుగులు నా చూపుడువేలంత అయ్యాక, ఒక పొద్దున గంగులప్ప వచ్చాడు, పట్టీల బిగువు చూసిపోదామని. మొదటి చంద్రంకి దించి వేళ్లతో నొక్కాడు. రెండోది దించి ఆగిపోయాడు. మొహం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు. మిగిలిన ఆరూ దించి ఒక్కొక్కదానికీ ముక్కు ఆనించాడు.

"అమ్మా, వీటి మీద పొగాకు ఎండేసినారా?" అన్నాడు.

అమ్మ చేతిలో ఆకు తట్ట కింద పెట్టింది. నాయన కొట్టంలోంచి వచ్చాడు. "కడిగితే పోదా అప్పా?" అని అడిగాడు.

"కడిగినట్టే ఉండాది, పేడ కూడా పూసినారు. పోలేదప్పా. పచ్చి వెదురు కదా, లోపలికి పీల్చుకునుండాది. పురుగు వెచ్చదనం తగిలితే మళ్లీ లేస్తాది. దీంట్లో వదిలితే పసురు కక్కి చస్తాది గానీ గూడు కట్టదు."

"ఎవురు ఎండేసింది?" అని నాయన అందరి మొహాలూ చూశాడు. అరుగు మీంచి అవ్వ, "నేనే. నా పొగాకు నేనుగాక ఇంగెవరు ఎండేస్తారు?" అంది. నేను నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ నిమిషం తలచుకుంటే నా మీద నాకే చీదర వేస్తుంది.

పురుగు ఎప్పుడు పండుతుందని నాయన అడిగితే, "ఎల్లుండికి" అంది అమ్మ. ఎల్లుండికి ఎనిమిదీ అల్లగలవా అని గంగులప్పను అడిగాడు. "నేనూ నా ఇంటిదీ కూర్చుంటే రెండు అయితాయి. మూడైతే శానా ఎక్కువ" అన్నాడు గంగులప్ప. నాయన గొంతులో కోపం లేదు, నాకు అదే భయం వేసింది. "అయితే ఇంగ అంతే. రెండిట్లో పట్టినన్ని వదిలి, మిగతావి దిబ్బలో పోసేద్దాం. వానలు పడినాక మడి దున్నుతా" అన్నాడు. అమ్మ గోనెపట్టా పక్కకు తీసి లోపలికి పోయింది. మేత వేసే వేళ కాకపోయినా ఆకు వేస్తున్న చప్పుడు వినపడింది.

గంగులప్ప కదల్లేదు. కాసేపు చంద్రంకి అంచు గోకుతూ కూర్చుని, "చాప అల్లే పని లేకుంటే అయితాదప్పా. మీ ఇంట్లో ఈతచాపలు ఉండాయి గదా, వాటి మీదే పట్టీ కుట్టచ్చు. పట్టీ అల్లే చేతులే లేవు" అన్నాడు.

అవ్వ అప్పుడు అరుగు దిగింది. "ఆ పట్టీ అల్లిక మా ఈతాకు అల్లిక మాదిరే గదా గంగులప్పా?" అంది.

"మాదిరే గానీ వద్దమ్మా. వెదురు ఈతాకు కాదు, కోస్తాది. మీ చెయ్యి తెగితే నాకు మాటొస్తాది."

"నీకు మాట రాకుండా నేను చూసుకుంటా. నువ్వు బద్దలు తియ్యి."

నాయన మధ్యలోకి వచ్చాడు. "అమ్మా, మనం బుట్టలల్లే వాళ్లమా? ఊళ్లో చూస్తే ఏమనుకుంటారు?"

"చూసినోళ్లను వచ్చి ఒక చెయ్యి వేయమను" అంది అవ్వ. అని, వక్కాకు సంచి నడుం నుంచి విప్పి, తీసుకుపోయి కొట్టంలో గుంజకు తగిలించింది. చింతపండూ బూడిదా పెట్టి మోచేతుల దాకా తోముకుంది. గంగులప్ప ఆమె చేతులు కూడా వాసన చూశాకే బద్ద ఇచ్చాడు. ఒక మేదరాయన మా అవ్వ చేతుల్ని పట్టుకుని మొహం దగ్గరికి తెచ్చుకోవడం ఆ రోజు దాకా మా ఊళ్లో ఎవరూ ఊహించి ఉండరు. అవ్వ మాత్రం చేతులు చాపి, గాజులు వేయించుకునేప్పటి మాదిరి నెమ్మదిగా నిలబడింది.

రెండు రోజులు ఇంటి ముందరే పని. గంగులప్ప పచ్చి వెదురు చీల్చేవాడు. చీలిన ప్రతిసారీ తడిసిన కొత్తకుండ లాంటి వాసన వచ్చేది. అతని భార్య ముద్దమ్మ ఆ బద్దల్ని కాగితమంత పలచగా గీకేది. అవ్వా అమ్మా నేనూ అల్లేవాళ్లం. వెదురు ఈతాకులా చెప్పిన మాట వినదు. వంచితే ఎగిరి మొహాన కొడుతుంది. అదను చూసి తడిపి, రెండు వేళ్లతో నొక్కిపట్టి, మూడో వేలితో తోయాలి. మొదటి పూట నా పట్టీ వెడల్పు ఒకచోట నాలుగు వేళ్లు, ఒకచోట మూడు. గంగులప్ప అది పట్టుకుని, "ఇది ఎవరి చెయ్యి?" అన్నాడు. నాదన్నాను. "కానీలే. పురుగు బడికి పోలేదు, వంకర టింకర దానికి తెలియదు" అని దాన్నే కుట్టేశాడు. అవ్వకు పొగాకు లేక తలనొప్పి. కనపడిన వాళ్లనందరినీ తిట్టింది, ఆఖరికి దారిలో పోయే గొర్రెల్ని కూడా. చేయి మాత్రం ఆపలేదు. రెండో పొద్దున నాయన కూడా వచ్చి కూర్చున్నాడు, వీధి వైపు వీపు పెట్టి. మొహం కనపడకపోతే మనిషి ఎవరో తెలియదని ఆయన ధీమా. నలుగురు వచ్చి చూశారు. ఒకరిద్దరు నవ్వారు. ఒకామె కొంగు దోపుకుని కూర్చుని మధ్యాహ్నం దాకా గీకి పోయింది. దీపం పెట్టే వేళకు ఎనిమిదో చంద్రంకి కుట్టు ముగిసింది.

మర్నాడు పురుగు పండింది. మేత మానేసి, తల ఎత్తి, ఒళ్లంతా వెలుతురు పారే పసుపురంగుకు తిరిగింది. ఒక్కొక్కదాన్నీ ఏరి సందుల్లో వదిలాం. అమ్మ ఆ పూటంతా చంద్రంకుల ముందు నీళ్లు కూడా తాగకుండా నిలబడింది. సాయంత్రానికి మొదటి పురుగు అటూ ఇటూ తల తిప్పి దారం వేసింది. అమ్మ గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. అయిదో రోజు గూళ్లు ఏరాం. నేనల్లిన పట్టీ మూడు వేళ్లకు తగ్గిన చోటల్లా రెండేసి పురుగులు కలిసి ఒకటే గూడు కట్టుకున్నాయి. అవి దారానికి పనికిరావు, వేరు పెట్టాం. మిగిలినవి శిడ్లఘట్ట సంతకు బండిలో పోయాయి. నాయన మడి గురించి ఏమీ అనలేదు. వానలు పడ్డాక ఎద్దులు కట్టుకుని ఆ మడి పక్కగా వేరే చేనికి పోయాడు. పొగాకు పట్టిన చంద్రంకుల్ని గంగులప్ప మోసుకుపోయి తన మేకల దొడ్డికి తడికలుగా కట్టుకున్నాడు.

గూళ్లు ఏరుతున్నప్పుడు ఉండబట్టలేక అమ్మతో చెప్పేశాను. "అమ్మా, ఆ పొగాకు ఎండేసింది అవ్వ కాదు, నేను."

"తెలుసు. చూసినా" అంది అమ్మ.

"చూసి ఏంటికి తీయలేదు మరి?"

ఆమె చేయి ఆపలేదు. ఇంకో నాలుగు గూళ్లు తట్టలో పడ్డాక, "అత్త పొగాకు. తీయమని నేనెట్ల చెప్పేది? కడిగితే పోతాదిలే అనుకుంటి" అంది. తట్ట పక్కకు జరిపి, "అయిదేళ్లు అడిగి తెచ్చుకున్న పంట. ఒక్క మాట నోట రాక చేజేతులా పోగొట్టుకుంటాంటి" అంది. ఆ మాట నాతో అన్నట్టు లేదు.

అందుకే ఆ కాలమంతా బంగారమని ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. మనిషి చేతి వస్తువు, నిదానంగా చేసిన వస్తువు, పదిసార్లు బాగుచేసుకుని వాడుకునే వస్తువు, ఇవి మంచివే. అవి లేకుండా పోయాయని నాకు కోపమే. ఈనాటి ప్లాస్టిక్ చంద్రంకి ఎండకు పెళుసెక్కి విరిగితే మేకల దొడ్డికి కూడా పనికిరాదు. కానీ వస్తువు ఎంత నిదానంగా తయారయ్యేదో, ఆడమనిషి నోట మాట అంతకంటే నిదానంగా వచ్చేది. ఆ నిదానం నాకు అక్కర్లేదు. మా మనవరాలు ఎవరికి ఏం చెప్పాలన్నా నిమిషంలో చెప్పేస్తుంది, నాకైనా సరే. చేతికి ఒక అల్లిక రాదు. ఆ మాటా ఈ అల్లికా రెండూ ఒకే మనిషికి ఉండడం కుదరని పని కాదు. కుదిరినట్టు నేను చూశాను.

అది రెండో పంటలో. మూడో జ్వరం అప్పుడే లేచింది. మొదటి పంట తర్వాత అవ్వకు చంద్రంకుల మీద ఎక్కడలేని పెత్తనం వచ్చింది, తనల్లినవి గదా. పట్టీ ఎక్కడైనా వదులైందేమో చూడాలని గోనెపట్టా తొలగించి గుమ్మం దాటబోయింది. నడుముకు సంచి, దవడలో పొగాకు. నేను ఆకు తరుగుతున్నాను. నాయన అటక మీదికి తాడు విసురుతున్నాడు. అమ్మ తట్ట మీంచి తల ఎత్తలేదు.

"అత్తమ్మా, ఆ పొగాకు బయట పెట్టి, నోరు కడుక్కుని రాండి" అంది.

నాయన చేతిలో తాడు అట్లాగే ఉండిపోయింది. అవ్వ ఒక కాలు గుమ్మం లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడింది. నేనైతే ఇల్లు కూలుతుందనే అనుకున్నాను. అవ్వ కాలు వెనక్కి తీసుకుంది. తొట్టి దగ్గర పుక్కిలించిన చప్పుడు మూడుసార్లు వినపడింది. తిరిగొచ్చి, తడి చేతులు కొంగుతో తుడుచుకుంటూ గుమ్మానికి అవతలే ఆగింది. పెళ్లయిన నాటి నుంచి మా అమ్మకు ఆమె నోట 'ఏమే' అన్న పిలుపే తప్ప ఇంకోటి లేదు.

"ఇంగ లోపలికి వచ్చేదా, అమ్మా?" అని అడిగింది అవ్వ.